మొదలయ్యే కేసులు, ముగియని కేసులు
(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాసం)

వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి. ఖాళీగా ఉన్న ఆ కుర్చీలు ఏ మంత్రి కోసమూ అట్టేపెట్టినవి కావు.

కన్నబిరాన్ గారు 2010 డిసెంబర్ 30న వెళ్లిపోయారు. పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా కొందరు, పీయూసీఎల్ నాయకుడిగా కొందరు, కుట్ర కేసుల లాయరుగా ఎక్కువమంది ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు. ఎమర్జెన్సీ తర్వాత, మన రాష్ట్రంలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే కమిటీలో పనిచేశారు. ఆ వెంటనే వచ్చిన భార్గవ కమిషన్ ముందు చనిపోయినవాళ్ల తరఫున నిలబడ్డారు. 2004లో అచ్చయిన ఆయన ఇంగ్లీషు పుస్తకం పేరు ‘ద వేజెస్ ఆఫ్ ఇంప్యూనిటీ’. తనను అడిగేవాడు లేడన్న ధీమా అధికారంలో ఉన్నవాడికి వస్తే మిగతావాళ్లు దానికి ఏం చెల్లించుకుంటారన్నది ఆయన్ను చివరిదాకా వదలని ప్రశ్న. ఆయన పేరిట మాట్లాడేటప్పుడు ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టడం మర్యాద.

పెద్ద నాయకుల మీద కేసులు ఎందుకు తేలవు? జనం మాట ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. టీకొట్టు దగ్గరైనా ఆర్టీసీ బస్సులోనైనా ఒకటే వినిపిస్తుంది: “వాళ్లకేమవుతుందండీ, వాయిదాల మీద వాయిదాలే కదా.” ఈ విసుగు న్యాయమైనదే. కాకపోతే అది కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతోంది, అసలు చోటికి పోవడం లేదు. మన దగ్గర ఎవరి కేసైనా ఆలస్యమే. పొలం గట్టు తగాదా కూడా తాత నుంచి మనవడికి వస్తుంది. నాయకుల కేసుల్లో ఆలస్యం ఆ జాతిది కాదు. కేసు పెట్టినవాళ్లకు పెట్టడంతోనే పని అయిపోతుంది. ఎదుర్కొంటున్నవాళ్లకు ముగియకపోవడమే కావాలి. తీర్పు కావలసినవాడు పౌరుడొక్కడే, ఆ కోర్టులో అతనికి వకాలతు లేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతా గంటంతా దీనికి సాక్ష్యాలు.

1

రెండు కేసులు పక్కపక్కన పెడతాను.

1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. ముద్దాయిల్లో కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, వరవరరావు, చెరబండరాజు వంటి విరసం రచయితలున్నారు. వాళ్ల పక్షాన వాదించినవారిలో కన్నబిరాన్ గారు ముఖ్యులు. రాతలతో, ఉపన్యాసాలతో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్రలో పాలుపంచుకున్నారన్నది వాళ్ల మీద ఆరోపణ. అది నిలవలేదని కోర్టు కొట్టేసేసరికి 1989 వచ్చింది. చెరబండరాజు 1982లోనే చనిపోయారు.

తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత మీద ఆదాయానికి మించిన ఆస్తుల ఫిర్యాదు 1996లో వచ్చింది. సుప్రీంకోర్టు చివరి మాట 2017 ఫిబ్రవరి 14న చెప్పింది. ఆమె 2016 డిసెంబర్ 5నే చనిపోయారు.

ఇద్దరూ తుది తీర్పు వినకుండానే పోయారు. చెరబండరాజుకు ఆ ఏళ్లు జైలు, బెయిలు, పేషీలు, అనారోగ్యం. జయలలిత ఆ కేసు మొదలైన తర్వాత అయిదుసార్లు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మన జైళ్లలో నలుగురు ఖైదీలుంటే దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లే. వాళ్లకు ఆలస్యమే శిక్ష. ఆలస్యం అమృతం విషం అంటాం గానీ, అది ఎవరి గొంతులో పడుతుందన్నదాన్ని బట్టి రెండూ అవుతుంది. కాబట్టి “కోర్టులు నిదానం” అని ఊరుకుంటే ఈ తేడా మన కంటికి ఆనదు.

2

జయలలిత కేసు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. లా విద్యార్థులు దీన్ని అపీలు తీర్పుతో మొదలుపెట్టి చదువుతారు. అలా కాదు, 2003 నాటి బదిలీ ఉత్తర్వుతో మొదలుపెట్టి చదవండి.

1991 నుంచి 1996 దాకా ఆమె ముఖ్యమంత్రిగా నెలకు ఒక్క రూపాయి జీతం తీసుకున్నారు. ఆ అయిదేళ్లలో 66.65 కోట్ల రూపాయల ఆస్తి పోగైందన్నది కేసు. డీఎంకే అధికారంలో ఉండగా చెన్నై ప్రత్యేక కోర్టులో విచారణ బాగానే సాగింది. సాక్షుల్లో ఎక్కువమంది వచ్చి చెప్పవలసింది చెప్పి వెళ్లారు. 2001లో ప్రభుత్వం మారింది. ముద్దాయే ముఖ్యమంత్రి అయ్యారు. అంతకుముందే సాక్ష్యం చెప్పిన 76 మందిని అడ్డుప్రశ్నలకని మళ్లీ పిలిపించారు. వాళ్లలో 64 మంది ముందు చెప్పిన మాటను వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం తరఫు పీపీ అక్కడే ఉన్నాడు. సాక్షి ఎదురు తిరిగితే ప్రాసిక్యూటరు లేచి, ఈయన మాకు వ్యతిరేకంగా మారాడు, ప్రశ్నించడానికి అనుమతివ్వండని కోర్టును అడగాలి. జూనియర్ లాయరుకు కూడా తెలిసిన పని అది. ఆయన అడగలేదు. ఎలా అడుగుతాడు? ఆయన్ను నియమించిన ప్రభుత్వానికి అధినేత ఎదుట ఉన్న ముద్దాయే కదా.

ఇక్కడ జడ్జి బద్ధకం లేదు, కేసుల బరువు లేదు, స్టెనోగ్రాఫర్ల కొరత లేదు. కోర్టు చురుగ్గానే నడుస్తోంది. నడుస్తూనే కేసు చచ్చిపోతోంది. డీఎంకే నాయకుడు కె. అన్బళగన్ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2003 నవంబర్ 18న విచారణను తమిళనాడు దాటించి బెంగళూరుకు పంపారు.

బెంగళూరులో ఇంకో పదకొండేళ్లు. తమిళ కాగితాలకు ఇంగ్లీషు అనువాదాలు కావాలని, అనువాదాల్లో తప్పులున్నాయని పిటిషన్లు. ఆ కోర్టులో ప్రత్యేక ప్రాసిక్యూటరుగా ఉన్న బి.వి. ఆచార్య మధ్యలో తప్పుకున్నారు. 2011లో ఆమె స్వయంగా బెంగళూరు వచ్చి వెయ్యికి పైగా ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 2014 సెప్టెంబర్ 27న జడ్జి జాన్ మైఖేల్ డి’కున్హా నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేశారు. ఎనిమిది నెలలు తిరక్కుండా కర్ణాటక హైకోర్టు ఆమెను నిర్దోషి అంది. ఆదాయానికి మించి ఉన్నది పది శాతం లోపేనట. ఆ లెక్కలో అప్పుల పట్టికను కూడిన చోట 10 కోట్ల చిల్లర కావలసింది 24 కోట్లయింది. కూడిక తప్పు! పద్దెనిమిదేళ్లు నడిచిన కేసు ఒక కూడిక మీద తలకిందులైంది. (నవ్వకండి, ఆ కూడిక మీద ఒక ముఖ్యమంత్రి మళ్లీ కుర్చీ ఎక్కారు.) సుప్రీంకోర్టు ఆ తప్పును పట్టుకుని బెంగళూరు కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. సహముద్దాయి శశికళ జైలుకు వెళ్లారు. జయలలిత విషయంలో, మనిషే లేరు కనుక అపీలు ముగిసిపోయిందన్నారు.

జప్తు చేసిన నగలు మాత్రం కర్ణాటక ఖజానాలో భద్రంగా ఉండి, 2025 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వానికి చేరాయి. మన వ్యవస్థకు వస్తువుల్ని కాపాడటం వచ్చు.

3

ఆలస్యానికి మిగతా దారులు న్యాయవాద మిత్రులకు కంఠతా వచ్చు కనుక తొందరగా దాటేస్తాను. ముందస్తు అనుమతి లేదని ఒక పిటిషన్. ఆధారాలు లేవు, వదిలేయమని డిశ్చార్జి పిటిషన్. అది కొట్టేస్తే హైకోర్టులో రివిజన్, దానితోపాటు స్టే. 2018లో సుప్రీంకోర్టు స్టేలు ఆరు నెలలకు వాటంతట అవే రద్దవుతాయంది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మాట సరికాదంది. న్యాయం ప్రకారం రెండో తీర్పే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. జడ్జి తప్పు లేకుండా, కక్షిదారు తప్పు లేకుండా క్యాలెండరు తిరిగిందని ఒక హక్కు పోకూడదు. కానీ ఆ ఆరు నెలల గడువు పోయాక దాని చోట ఏమీ రాలేదు.

తెలంగాణలో వేములవాడ సంగతి మీకందరికీ తెలుసు. చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడని, శాసనసభలో కూర్చునే అర్హత లేదని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ లేవదీసిన వివాదం 2009 ఎన్నికల నాటిది. 2013లో హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. కేంద్ర హోంశాఖ పౌరసత్వం రద్దు చేసింది, దాని మీద మళ్లీ హైకోర్టు. ఈలోగా ఆయన 2010 ఉప ఎన్నిక, 2014, 2018 ఎన్నికలు గెలిచారు. 2024 డిసెంబర్‌లో హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. అప్పటికి ఆయన పదవీకాలాలన్నీ పూర్తయ్యాయి. అదే వేములవాడకు ఆది శ్రీనివాస్ ఎమ్మెల్యే అయి ఏడాది దాటింది. ఓటర్లు కోర్టు కంటే ముందు తేల్చేశారు. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతుంది. ప్రయత్నించాలన్నదే అందులో ఇరుసు ఊడిన చోటు.

“అయితే వేగంగా తేల్చేయండి” అనేవాళ్లకు ఒక హెచ్చరిక. మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే సిమెంటు వ్యవహారంలో 1982 జనవరిలో రాజీనామా చేశారు. 1984లో సుప్రీంకోర్టు, ఆలస్యాన్ని తప్పించాలని, ఆయన కేసును ప్రత్యేక జడ్జి దగ్గర్నుంచి తీసి నేరుగా హైకోర్టుకు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. 1988లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఆ బదిలీ వల్ల ముద్దాయికి చట్టమిచ్చిన ఒక అపీలు మెట్టు పోయిందని, అది చెల్లదని అంది. నాలుగేళ్ల విచారణ గాలికి పోయింది. అంతూలే తర్వాత కేంద్రమంత్రి కూడా అయ్యారు. హక్కును కోసేసి కొన్న వేగం చివరికి ముద్దాయికే ఉపయోగపడింది. కన్నబిరాన్ గారు ఈ సభలో ఉంటే ఈ మాట నాకంటే గట్టిగా చెప్పేవారు. ముద్దాయి ముఖ్యమంత్రి అయినా సరే.

4

మరి ఎక్కడైనా ముగిసిందా? ముగిసింది. అవి చూడకుండా నిట్టూర్చడం సోమరితనం.

బీహార్ దాణా కుంభకోణం 1996 జనవరిలో చాయిబాసా ఖజానాలో బయటపడింది. రాష్ట్ర పోలీసులు వద్దు, సీబీఐ చేయాలని పట్నా హైకోర్టు ఆదేశించి, దర్యాప్తును తనే కనిపెట్టి చూసింది. లాలూ ప్రసాద్‌కు 2013లో శిక్ష పడింది. పదిహేడేళ్లు పట్టింది, కానీ పడింది. హర్యానా ముఖ్యమంత్రి ఓం ప్రకాశ్ చౌతాలా కాలంలో మూడు వేల పైచిలుకు టీచర్ల నియామకాల్లో జాబితాలు మార్చారన్న కేసు సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐకి వెళ్లింది. ఢిల్లీ కోర్టులో 2013 జనవరిలో ఆయనకు పదేళ్లు పడ్డాయి. జయలలిత కేసు బెంగళూరుకు పోయాకే తేలింది.

మూడింటిలోనూ జడ్జీలు మామూలు జడ్జీలే, వాయిదాలు మామూలుగానే పడ్డాయి. ఒక్కటే మారింది. దర్యాప్తు చేసేవాడో వాదించేవాడో ముద్దాయి చేతికి అందకుండా పోయాడు. సీబీఐ మాత్రం ఎవరి చేతిలో ఉంటుందని మీలో ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న నాదీ. అక్కడ కాపాడింది సీబీఐ కాదు, పైనుంచి విడవకుండా చూసిన న్యాయస్థానం.

2017 డిసెంబర్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులకు దేశమంతా 12 ప్రత్యేక కోర్టులకు సుప్రీంకోర్టు ఒప్పుకుంది. విజయవాడలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి వచ్చాయి. గదులు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. ప్రాసిక్యూటరును నియమించేది మాత్రం ఎప్పటిలాగే ప్రభుత్వం. 2021 ఆగస్టులో, హైకోర్టు అనుమతి లేకుండా ప్రజాప్రతినిధుల మీద కేసులు ఉపసంహరించుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు అనవలసి వచ్చింది. ప్రభుత్వాలు తమవాళ్ల కేసుల్ని గుట్టుచప్పుడు కాకుండా ఎత్తేసుకుంటున్నాయని దాని అర్థం.

5

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఏ పార్టీ అభిమానులైనా కాసేపు ఓపిక పట్టండి, అందరికీ వాటా ఉంది.

వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి మీద సీబీఐ 2011లో అక్రమాస్తుల కేసు పెట్టింది. 2012 మేలో అరెస్టు చేసింది. పదహారు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చారు. పదకొండు చార్జిషీట్లు పడ్డాయి. డిశ్చార్జి పిటిషన్ల మీద వాదనలు వింటున్న జడ్జి బదిలీ అయితే మళ్లీ మొదటి నుంచి వినాలి. ఈ మధ్యలో ఆయన 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి. రేవంత్ రెడ్డిని ఓటుకు నోటు కేసులో 2015 మేలో తెలంగాణ ఏసీబీ అరెస్టు చేసింది. 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కేసు విచారణలో ముఖ్యమంత్రి జోక్యం చేసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. చంద్రబాబు నాయుడును స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో 2023 సెప్టెంబర్ 9న నంద్యాలలో సీఐడీ అరెస్టు చేసింది. రాజమండ్రి జైల్లో యాభై రోజులకు పైగా ఉన్నారు. ముందస్తు అనుమతి కావాలా వద్దా అన్నదాని మీద సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు 2024 జనవరిలో రెండు రకాలుగా తీర్పు చెప్పారు. ఆరు నెలలు గడవకముందే ఆయన ముఖ్యమంత్రి, ఆ సీఐడీ ఆయన ప్రభుత్వంలోదే.

మూడు పార్టీలు, ముగ్గురు ముఖ్యమంత్రులు. ఈ కేసుల్లో ఆ ముగ్గురిలో ఎవరినీ ఏ కోర్టూ దోషి అనలేదు. విచారణ పూర్తిచేసి నిర్దోషి అనీ అనలేదు. ముగ్గురి అరెస్టుల రాత్రీ టీవీల ముందు కూర్చుని కొందరం టపాకాయలు కాల్చాం, కొందరం ఏడ్చాం. బెయిలు రోజున జట్లు మారాయంతే. అరెస్టే శిక్ష అయింది, బెయిలే నిర్దోషిత్వం అయింది, ఎన్నికే అపీలు అయింది. తీర్పు మాట ఎవరూ ఎత్తలేదు. అవతలి పార్టీ నాయకుడు జైల్లో కనబడితే పాలకపక్షానికి రాజకీయంగా రావలసింది వచ్చేసింది. ఆ తర్వాత సాక్షుల్ని పిలిపించి, కాగితాలు నిరూపించి, తీర్పుదాకా ఈదే ఓపిక ఏ ప్రభుత్వానికీ ఎందుకుంటుంది? తీర్పు నిర్దోషి అని వస్తే ఉన్న ఆయుధమూ పోతుంది.

తీర్పు రాదన్న నిస్పృహ జనాన్ని ఎక్కడికి తీసుకెళ్తుందో హైదరాబాద్ 2019 డిసెంబర్ 6న చూసింది. ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని షాద్‌నగర్ దగ్గర కాల్చి చంపితే పోలీసుల మీద పూలు చల్లారు. కావాలనే చంపారని సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన సంగతి 2022లో బయటికొచ్చింది. పూలు చల్లినవాళ్లు దుర్మార్గులు కారు. కోర్టు ఎప్పటికీ చెప్పదని నమ్మినవాళ్లు. పేదవాడైన నిందితుడికి ఆ నమ్మకం తూటా అయింది, పెద్ద నాయకుడికి ఒక టీవీ చర్చ అయింది.

2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లును ఈ వరసలోనే చూడాలి. అయిదేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరారోపణ మీద ముప్పై రోజులు వరసగా నిర్బంధంలో ఉంటే ముప్పై ఒకటో రోజుకు ప్రధాని అయినా ముఖ్యమంత్రి అయినా మంత్రి అయినా పదవి పోవాలంటుంది. చార్జిషీటు అక్కర్లేదు, అభియోగాల నమోదు అక్కర్లేదు. జనం విసుగుకు జవాబిచ్చినట్టే ఉంటుంది. నిజానికి అరెస్టునే తీర్పుగా రాజ్యాంగంలో రాసుకోవడం అది. అరెస్టు చేసే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్లకే తీర్పు చెప్పే అధికారమూ దక్కుతుంది. దీనికంటే 2014లో లా కమిషన్ తన 244వ నివేదికలో చెప్పిందే మేలు. అయిదేళ్ల శిక్ష పడగల నేరాల్లో కోర్టు అభియోగాలు నమోదు చేశాక పోటీకి అనర్హులు చేయమంది, ఎన్నికల ముంగిట హడావిడిగా పెట్టిన కేసులు లెక్కలోకి రాకుండా ఏడాది కట్టుబాటు కూడా పెట్టింది. దాంట్లోనూ నాకు అభ్యంతరాలున్నాయి, కానీ కనీసం ఒక జడ్జి కాగితాలు చూస్తాడు.

6

ఏం చేయాలి? పెద్ద పెద్ద సంస్కరణల జాబితా చదవను. రెండే అడుగుతాను.

మొదటిది ప్రాసిక్యూటరు. కొత్త నాగరిక సురక్షా సంహితలో కూడా డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ హోంశాఖ పాలనలోనే ఉంది. ముఖ్యమంత్రో మంత్రో ముద్దాయి అయిన కేసుల్లో మాత్రం ప్రాసిక్యూటరును హైకోర్టు ఎంపిక చేయాలి, కేసు ముగిసేదాకా ఏ ప్రభుత్వమూ మార్చకూడదు. జడ్జీల బదిలీల్లోనూ ఆ కేసుల వాదనలు మధ్యలో తెగకుండా చూడాలి. ఎంపీ, ఎమ్మెల్యేల కేసుల్ని తామే స్వయంగా చూసుకోవాలని 2023 నవంబర్ 9న సుప్రీంకోర్టు హైకోర్టులకు చెప్పింది గనుక దారి తెరిచే ఉంది. సాంకేతిక అభ్యంతరాలున్నవాళ్లు తర్వాత టీ దగ్గర నన్ను పట్టుకోండి.

రెండోది ఇంకా చిన్నది. నామినేషన్‌తోపాటు అభ్యర్థి ఇచ్చే ఫారం 26లో పెండింగ్ కేసుల వివరాలుంటాయి: ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, అభియోగాలు నమోదైన తేదీ. కేసులున్నాయని 2018 నుంచి పేపర్లలోనూ ప్రకటించుకుంటున్నారు. దాంతో ఏమైంది? కేసుల సంఖ్య ఒక బిరుదులా తయారైంది. “ఆయన మీద ఇరవై ఉన్నాయి” అంటే సగం మంది దోషి అనుకుంటారు, సగం మంది వీరుడనుకుంటారు. ఆ ఫారంలో ఇంకో గడి చేర్చమంటాను: ఈ కేసులో ఇప్పటిదాకా నా తరఫున ఎన్ని వాయిదాలు అడిగాను, ఎన్ని స్టేలు తెచ్చుకున్నాను, స్టే ఎన్నాళ్లుంది. పక్కనే, ప్రభుత్వం తరఫున అడిగిన వాయిదాలెన్నో కోర్టు రిజిస్ట్రీ ధ్రువీకరించాలి. తన మీద కక్షతో కేసు పెట్టారని చెప్పే నాయకుడికి ఇది మంచి అవకాశం. వాయిదాలన్నీ ప్రభుత్వమే అడిగిందని కాగితం మీద చూపించొచ్చు. అడిగింది తనే అయితే అదీ కనబడుతుంది.

ఈ వివరాలేవీ రహస్యం కాదు. ప్రతి వాయిదాకీ డాకెట్‌లో ఒక వరస రాస్తారు, ఈ-కోర్టుల సైటులో తేదీలు దొరుకుతాయి. కలిపి రాసేవాళ్లే లేరు. విజయవాడ, హైదరాబాద్ ప్రత్యేక కోర్టుల డాకెట్లు ముందు పెట్టుకుని, ఎవరి కోరిక మీద ఏ వాయిదా పడిందో పట్టిక వేసే పనికి లా విద్యార్థులు నలుగురు ముందుకొస్తే, ఎన్నికల సంఘాన్ని అడగడానికి మన చేతిలో మాటకు బదులు ఒక కాగితం ఉంటుంది. పేర్లు ఇచ్చేవాళ్లు సభ అయ్యాక ఆగండి. మీ ప్రశ్నలకు సమయం ఉంచమని అధ్యక్షులు చెప్పారు కనుక ఇక్కడ ఆపుతున్నాను.